పెద్దయ్యాక రష్యన్ మొదలుపెట్టడం ఎలా: చెన్నైలోని తెలుగువారికి

చెన్నైలో ఉంటూ రష్యన్ నేర్చుకోవాలనుకునే తెలుగువారు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. అడిగేవారు మాత్రం రకరకాలు. ఆవడిలో రష్యన్ నమూనా ట్యాంకుల తయారీతో సంబంధం ఉన్న పనిలో ఉన్నవారు, కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో రష్యన్ నిపుణులతో కలిసి పనిచేయబోయేవారు, పిల్లలను వైద్యవిద్య కోసం రష్యా పంపుతూ తామూ నాలుగు ముక్కలు నేర్చుకుందామనుకునే తల్లిదండ్రులు, చిన్నతనంలో తెలుగులో చదివిన మాస్కో ప్రచురణలను పదవీ విరమణ తర్వాతైనా మూలంలో చదవాలనుకునే పెద్దలు. "ఈ వయసులో వస్తుందా? వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నదే వారందరి ప్రశ్న.

వస్తుంది, కానీ ఇంగ్లీషును మధ్యవర్తిగా పెట్టుకోకూడదు. దొరికే పుస్తకాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కోసం రాసినవి. వారిని బెదరగొట్టే విషయాలు చాలావరకు మనకు పుట్టుకతోనే తెలుసు. మన నాలుక నిజంగా తడబడే చోట్లను ఆ పుస్తకాలు ప్రస్తావించనే ప్రస్తావించవు. అందువల్ల ఈ వ్యాసంలో ప్రతి మెట్టు దగ్గర తెలుగు మీకు ఎక్కడ సాయం చేస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో చెబుతాను.

సమయం గురించి ముందే ఒక మాట. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ప్రభుత్వ శిక్షణ సంస్థ, ఇంగ్లీషు మాట్లాడేవారు రష్యన్‌లో వృత్తి అవసరాలకు సరిపడే స్థాయికి చేరడానికి దాదాపు 1100 తరగతి గంటలు పడతాయని లెక్క కట్టింది. మీరు రోజుకు 45 నిమిషాలు చదివితే ఏడాదికి సుమారు 270 గంటలు అవుతాయి. "రెండు నెలల్లో ధారాళంగా మాట్లాడిస్తాం" అనే ప్రకటన ఎక్కడ కనిపించినా డబ్బు కట్టకండి.

కావలసినవి

పదాల మీద ఊనిక (మాటలో ఒక అచ్చును నొక్కి పలకడం) గుర్తులు వేసి, ఆడియో కూడా ఇచ్చిన ప్రారంభ స్థాయి పాఠ్యపుస్తకం ఒకటి కావాలి. రెండు పుస్తకాలు కొనవద్దు; రెండూ సగంలో ఆగిపోతాయి. చిన్నపిల్లలు కాపీ రాసే నాలుగు గీతల నోటుబుక్కు, రష్యన్ కీబోర్డు, రష్యన్ వాయిస్ టైపింగ్ పెట్టుకున్న ఫోను, వారానికి ఒక్కసారైనా మీ ఉచ్చారణ విని తప్పు చెప్పే మనిషి కావాలి. చివరిది దొరకడం కష్టమే గాని, దాని బదులు పనికొచ్చే ఉపాయం రెండో మెట్టులో ఉంది.

ఈ వ్యాసంలో రష్యన్ మాటలను తెలుగు లిపిలో రాస్తున్నాను. అది చెవికి ఆనవాలు మాత్రమే. ప్రతి మాటనూ మీ పుస్తకంలో రష్యన్ లిపిలో వెతికి, ఆడియోలో విని సరిచూసుకోండి.

1. పది రోజుల్లో అక్షరాలు పూర్తి చేయండి

రష్యన్‌లో 33 అక్షరాలు ఉన్నాయి. యాభైకి పైగా అక్షరాలు, గుణింతాలు, వత్తులు దిద్దినవారికి ఇది పెద్ద లెక్క కాదు. వాటిని వరుసగా కాకుండా గుంపులుగా నేర్చుకోండి.

మొదటి గుంపులో ఇంగ్లీషు ఏ, కే, ఎం, ఓ, టీ, "ఈ" అక్షరాల రూపాలలో ఉన్న ఆరు అక్షరాలు ఉంటాయి. వీటి ధ్వనులు మీరు ఊహించేవాటికి దగ్గరగానే ఉంటాయి, ఇంగ్లీషు "ఈ" అక్షరం రూపంలోనిది మాత్రం "యె" అని పలుకుతుంది. రెండో గుంపులోని ఆరు అక్షరాలు మోసం చేస్తాయి. బీ రూపంలో ఉన్నది వ, హెచ్ రూపంలో ఉన్నది న, పీ రూపంలో ఉన్నది ర, సీ రూపంలో ఉన్నది స, వై రూపంలో ఉన్నది ఉ, ఎక్స్ రూపంలో ఉన్నది ఉర్దూ "ఖబర్"లోని ఖ. మూడో గుంపు లెక్కలు చదివినవారికి పాత పరిచయమే: గామా, డెల్టా, లాంబ్డా, పై, ఫై. గ్రీకు నుంచి వచ్చిన ఈ ఐదూ వరుసగా గ, ద, ల, ప, ఫ ధ్వనులు. మిగిలిన 16 అక్షరాలను రోజుకు మూడు చొప్పున దిద్దండి.

పరీక్ష ఇలా చేసుకోండి. రెస్టారెంటు అనే మాటను రష్యన్ పెద్దక్షరాలలో రాస్తే ఇంగ్లీషు కంటికి అది పీ, ఈ, సీ, టీ, ఓ, పీ, ఏ, హెచ్ అని కనిపిస్తుంది. చూడగానే మీ నోట "పెక్టోపా" అని కాక "రిస్తరాన్" అని వస్తే రెండో గుంపు మీకు వశమైనట్టే. చెన్నైకి వచ్చిన కొత్తలో బస్సు మీది తమిళం కూడబలుక్కున్నట్టు, మొదటి నెలంతా అర్థం తెలియకపోయినా మాటలను బిగ్గరగా చదవండి.

అచ్చు అక్షరాలతో ఆపకండి. రష్యన్లు చేత్తో రాసేది కలిపిరాత. అందులో చిన్న త ఇంగ్లీషు ఎం లాగా, చిన్న ద ఇంగ్లీషు జీ లాగా, చిన్న ప ఇంగ్లీషు ఎన్ లాగా ఉంటాయి. ల, మ అక్షరాలు చిన్న కొక్కెంతో మొదలవుతాయి. ఆ కొక్కెం వదిలేస్తే పక్క అక్షరాలతో కలిసిపోయి, వారం తర్వాత మీ రాత మీకే అర్థం కాదు.

2. తెలుగు నాలుకతో పలకండి, తెలుగు ముగింపు మాత్రం వదిలేయండి

మనకు అన్నిటికంటే పెద్ద లాభమూ, అన్నిటికంటే పెద్ద ప్రమాదమూ ఇక్కడే ఉన్నాయి.

లాభం ముందు చెబుతాను. ఇంగ్లీషు మాటలను మనం ట, డ లతో పలుకుతాం. రష్యన్‌లో ఉన్నవి త, ద. కాబట్టి విద్యార్థిని "స్టూడెంట్" అనకుండా "స్తుద్యేంత్" అనాలి. నోటిలో ఇంగ్లీషు మాట మెదిలిన క్షణంలోనే ట వచ్చేస్తుంది, జాగ్రత్త. ర మన ర లాగే నాలుక కొన ఆడించి పలకాలి. ఇంగ్లీషువారు నెలల తరబడి సాధన చేసే "త్స" ధ్వని మనకు చలి, చాప, చుక్క అనే మాటలలోని దంత్య చకారంగా ఇంట్లోనే ఉంది. చిలుక, చెట్టులోని తాలవ్య చకారానికి రష్యన్‌లో వేరే అక్షరం ఉంది. ష, శ లను మనం బడిలో విడిగా నేర్చుకున్నాం గనుక అలాంటి జంట అక్షరాలూ సులువే. ఒకటి మందమైన ష, రెండోది సాగదీసిన మెత్తని శ్శ. ష పలికే చోటే నాలుక ఉంచి గొంతు కలిపితే వచ్చే ధ్వని మాత్రం తెలుగులో లేదు, "ప్లెజర్" మధ్యలో వినిపించేది దానికి దగ్గర.

ఇక ప్రమాదం. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్, కార్, పెన్ అన్నీ మన నోట్లో బస్సు, కారు, పెన్ను అయిపోతాయి. రష్యన్‌లో చివర చేర్చిన ఆ ఉకారం మామూలు యాస కాదు, అది ఒక విభక్తి ప్రత్యయం. సోదరుడు "బ్రాత్". మీరు అలవాటుగా "బ్రాతు" అంటే అది "సోదరుడికి" అవుతుంది. నా దగ్గర సాధన చేసిన ఒకాయన తన తమ్ముణ్ణి పరిచయం చేస్తూ "ఎత మోయ్ బ్రాతు" అన్నారు. ఎదుటి రష్యన్ మహిళ చిరునవ్వుతో అలాగే నిలబడి, సోదరుడికి ఏమిటో చెబుతారని మిగతా వాక్యం కోసం ఎదురుచూశారు. ఆయన మాట స్పష్టంగానే ఉంది, చివరి ఉకారమే అర్థాన్ని మార్చేసింది. దీనికి మందు ఒక్కటే. హల్లుతో ముగిసే ఇరవై మాటలు తీసుకుని, ఒక్కొక్కటి పలికాక పెదవులను ఒక క్షణం కదపకుండా ఉంచండి. అద్దం ముందు చేస్తే పెదవులు గుండ్రం కావడం మీకే కనిపిస్తుంది.

చివర వచ్చే బ, ద, గ వంటివి ప, త, క లుగా మారతాయి. రొట్టెను బ తో రాస్తారు, "ఖ్ల్యేప్" అని పలుకుతారు. ఇది తప్పు కాదు, నియమం.

తెలుగులో బొత్తిగా లేని అచ్చు ఒకటి ఉంది. అది ఇ కాదు, ఉ కాదు. చెన్నైలో ఉన్నవారికి దీనికి దగ్గరి దారి చెబుతాను. తమిళులు "అదు", "పాట్టు" వంటి మాటల చివర పెదవులు గుండ్రం చేయకుండా పలికే పొట్టి ఉకారాన్ని గమనించండి. అక్కడి నుంచి నాలుకను కొద్దిగా ముందుకు జరిపితే రష్యన్ ధ్వనికి చాలా దగ్గరకు వస్తారు. దీన్ని ఇ అని పలికితే "ఉండు" అనే క్రియ "కొట్టు" అనే క్రియగా మారిపోతుంది, కాబట్టి పట్టించుకోక తప్పదు.

పరీక్షించడానికి ఫోనులో వాయిస్ టైపింగ్‌ను రష్యన్‌కు మార్చి, ఒక్కొక్క మాటే పలకండి. వాక్యం చెబితే ఫోను సందర్భాన్ని బట్టి ఊహించి మీ తప్పును దిద్దేస్తుంది. ఒంటరి మాటకు ఆ సాయం దొరకదు. పదింటిలో ఎనిమిది మాటలు సరిగ్గా టైపు అయ్యేదాకా మూడో మెట్టుకు వెళ్ళకండి.

3. ప్రతి మాటనూ ఊనికతో సహా నేర్చుకోండి

తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు. రష్యన్‌లో మారుతుంది. "జామక్" అంటే కోట, "జమోక్" అంటే తాళం. "మూక" అంటే యాతన, "ముకా" అంటే పిండి. ఈ జంటల్లో దేనికి దానికి రాత ఒకటే. పైగా ఊనిక లేని చోట ఓకారం అకారంలా వినిపిస్తుంది. పాలను మూడు ఓకారాలతో రాసి "మలకో" అని పలుకుతారు. మామూలు పుస్తకాలలో, పత్రికలలో ఊనిక గుర్తులు ఉండవు, అందుకే కొత్త మాటను నోటుబుక్కులో రాసేటప్పుడే ఊనిక ఉన్న అచ్చు మీద ఎర్ర సిరాతో గీత పెట్టండి. గీత లేని మాటను నేర్చుకున్నట్టు లెక్క వేయకండి.

4. మొదటి వాక్యాలను తెలుగు మూసలోనే పోయండి

"నేను విద్యార్థిని" అనే తెలుగు వాక్యంలో ఇంగ్లీషులోలా క్రియ లేదు. రష్యన్‌లోనూ లేదు: "యా స్తుద్యేంత్." ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు ఆ ఖాళీలో ఏదో పెట్టాలని వెతుకుతారు, మీరు వెతకనక్కర్లేదు. నాకు చలిగా ఉంది అన్నదానికి "మ్న్యె ఖోలద్న", నాకు ముప్పై ఏళ్ళు అన్నదానికి "మ్న్యె త్రీత్సత్ ల్యేత్". రెండింటిలోనూ "మ్న్యె" అంటే అచ్చంగా "నాకు". నచ్చడం కూడా రష్యన్‌లో మనలాగే "నాకు" నచ్చుతుంది. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది, కొత్తవారిని మీరు అనే పిలవాలి. పెద్దలను, టీచరును పేరుకు తండ్రి పేరు నుంచి వచ్చిన రూపాన్ని కలిపి పిలవడం వారి మర్యాద. మన "గారు" చేసే పని అది చేస్తుంది. ఉట్టి పేరుతో పిలవకండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. "నాకు తమ్ముడు ఉన్నాడు" అనడానికి "మ్న్యె" వాడకూడదు. రష్యన్లు "నా దగ్గర ఉంది" అనే మూస వాడతారు. "ఉ మిన్యా యేస్త్ బ్రాత్." నా దగ్గర పుస్తకం ఉంది అన్నా, తమ్ముడు ఉన్నాడన్నా, సమయం ఉందన్నా ఇదే. దాదాపు ప్రతి తెలుగు విద్యార్థీ ఈ తప్పు చేస్తాడు గనుక, ఇంట్లో ఉన్న పది వస్తువులతో, పదిమంది బంధువులతో ఈ వాక్యం ఇరవై సార్లు రాయండి.

5. నామవాచకం లింగాన్ని చివరి అక్షరంతో గుర్తించండి

ఇక్కడ తెలుగు మీకు సాయపడదు. రష్యన్‌లో బల్ల పుంలింగం, పుస్తకం స్త్రీలింగం, కిటికీ నపుంసకం. అయితే గుర్తుపట్టడం తేలిక. హల్లుతో ముగిస్తే సాధారణంగా పుంలింగం, అ లేదా య తో ముగిస్తే స్త్రీలింగం, ఓ లేదా యె తో ముగిస్తే నపుంసకం. మెత్తదనపు గుర్తుతో (తనకు ధ్వని లేకుండా ముందున్న హల్లును మెత్తబరిచే అక్షరం) ముగిసేవాటిని మాత్రం ఒక్కొక్కటిగా బట్టీ పట్టాలి.

6. విభక్తులను ఒక్కసారిగా మింగకండి

డుమువులు ప్రథమా విభక్తి అని వల్లించినవారికి ఆరు విభక్తులు భయపెట్టకూడదు. చాలామంది చేసే తప్పు, పుస్తకం చివర ఉన్న పట్టిక మొత్తాన్ని బట్టీ పట్టడం. పట్టిక అప్పగించగలరు గాని, నోరు తెరిస్తే ఒక్క వాక్యం రాదు. విభక్తికి రెండు వారాల చొప్పున, ఈ వరుసలో వెళ్ళండి.

మొదట "లో". హైదరాబాదులో ఉన్నాను అనడానికి "యా ఫ్ ఖైదరాబాద్యె" అంటారు. చివర యె చేరింది, "లో" అనే ముక్క ("వ్", ఖ ముందు "ఫ్" అని వినిపిస్తుంది) ముందుకు వెళ్ళింది. మీ సొంత ఊరి పేరుతో మొదలుపెట్టండి. చెన్నై మాత్రం రష్యన్‌లో మారదు. ఇకారంతో ముగిసే ఇలాంటి పరాయి పేర్లకు వారు ప్రత్యయం చేర్చరు. పాత పేరు మద్రాసు హల్లుతో ముగుస్తుంది గనుక "వ్ మద్రాస్యె" అని చక్కగా మారుతుంది.

తర్వాత కర్మ విభక్తి. "నవల చదువుతున్నాను" అంటాం, ప్రత్యయం పెట్టం. "తమ్ముణ్ణి కలిశాను" అంటాం, అక్కడ ప్రత్యయం తప్పదు. ప్రాణం ఉన్నవాటికీ లేనివాటికీ మనం పాటించే ఈ తేడాను రష్యన్‌లో పుంలింగ పదాలు కూడా పాటిస్తాయి. "చితాయు రమాన్"లో నవల మారలేదు, "ఫ్స్త్రేతిల్ బ్రాత" లో సోదరుడు మారాడు. స్త్రీలింగంలో అకారంతో ముగిసేవి ప్రాణంతో పని లేకుండా మారతాయి. "క్నీగ" పుస్తకమైతే "క్నీగు" పుస్తకాన్ని.

మూడోది షష్ఠి. "తమ్ముడి పుస్తకం" అనేదాన్ని తిరగేసి "పుస్తకం తమ్ముడి" అనే వరుసలో చెప్పాలి. "లేదు" అన్నప్పుడు కూడా ఇదే విభక్తి వస్తుంది. నాకు సమయం లేదు అనడానికి "ఉ మిన్యా న్యేత్ వ్రేమిని". చాలా అంకెల తర్వాత కూడా ఇదే అవసరం: 1కి "రూబ్ల్", 2, 3, 4 కు "రుబ్ల్యా", 5 నుంచి "రుబ్ల్యేయ్", 21కి మళ్ళీ "రూబ్ల్". బజారులో ధర చెప్పినప్పుడు చెవి పట్టుకోవలసింది దీన్నే.

నాలుగోది "కు". దీన్ని మీరు నాలుగో మెట్టులో సగం నేర్చేసుకున్నారు.

చివరిది "తో". ఇక్కడ మళ్ళీ మాతృభాష మోసం చేస్తుంది. పెన్నుతో రాస్తాను, తమ్ముడితో వెళ్తాను అని రెండింటికీ మనం ఒకే "తో" వాడతాం. రష్యన్‌లో పనిముట్టుకు ముందు ఏ ముక్కా రాదు. "పిషూ రూచ్కయ్." మనిషి తోడుగా ఉంటేనే ముందు "స్" వస్తుంది, "స్ బ్రాతమ్" లాగా. "పిషూ స్ రూచ్కయ్" అంటే పెన్నును పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్నట్టు వినిపిస్తుంది.

ప్రతి విభక్తి చివర పరీక్ష ఒకటే. మీ రోజు గురించి తెలుగులో పది చిన్న వాక్యాలు రాసుకుని, పుస్తకం మూసి రష్యన్‌లోకి మార్చండి. రెండు కంటే ఎక్కువ ప్రత్యయాలు తప్పితే మరో వారం అక్కడే ఉండండి. ఆగితే వెనకబడతామనే భయం వద్దు. షష్ఠి దగ్గర నెల రోజులు ఆగినవారే తర్వాత వేగంగా సాగడం నేను చూశాను.

7. క్రియలలో మూడు జాగ్రత్తలు

భూతకాలంలో క్రియ మీ లింగాన్ని బట్టి మారుతుంది. "చదివాను" అని పురుషుడు "చితాల్" అంటే, స్త్రీ "చితాల" అంటుంది. ఆడియోలో ఆడగొంతు విని అనుకరించే మగవారు తెలియకుండానే "చితాల" అంటారు. అలాంటప్పుడు మగగొంతు ఉన్న పాఠాలు కొన్ని వెతుక్కోండి.

దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలు ఉంటాయి. "రెండు గంటలు చదివాను" అనే చదవడం వేరు, "పుస్తకం చదివేశాను" అనే చదవడం వేరు. మొదటిది "చితాల్", రెండోది "ప్రచితాల్". మన "ఏశాను" ఈ తేడాకు సరిగ్గా తూగదు గాని, మొదటి ఏడాదికి ఆ తూకం చాలు. క్రియలను జంటగానే రాసుకోండి.

వెళ్ళడానికి నడిచి వెళ్ళడం ఒక క్రియ, వాహనం మీద వెళ్ళడం మరొకటి. నెల్లూరు నుంచి చెన్నై వస్తున్నానని చెబుతూ మొదటిది వాడితే కాలినడకన వస్తున్నట్టే అర్థం.

8. పదాలను పరిమితంగా, వాడుకలో ఉన్నవాటినే ఎంచుకోండి

రష్యన్ భాషకు విదేశీయుల కోసం ఆరు స్థాయిల ప్రభుత్వ పరీక్ష ఉంది. అందులో మొట్టమొదటి స్థాయికి కావలసిన పదాలు 780, రెండోదానికి 1300. రోజుకు ఐదు మాటలు, ఆదివారం పాతవాటి పునశ్చరణ అనే లెక్కన ఆరు నెలల్లో మొదటి స్థాయి పదాలు పూర్తవుతాయి. రోజుకు ముప్పై మాటలు పెట్టుకునేవారు మూడో వారంలో మానేస్తారు. తాంబరం లోకల్ రైలులో రోజూ తిరిగేవారైతే ఆ ప్రయాణ సమయాన్ని పాత మాటల పునశ్చరణకే కేటాయించండి. కొత్త మాటలను మాత్రం ఇంట్లో, చేత్తో రాస్తూ నేర్చుకోండి.

9. చెన్నైలో మాట్లాడే చోటు వెతుక్కోండి

ఆళ్వార్‌పేటలో కస్తూరి రంగ రోడ్డులోని రష్యన్ సాంస్కృతిక కేంద్రమైన రష్యన్ హౌస్‌లో రష్యన్ తరగతులు నడుపుతారు. ఫోనులో అడిగి ఊరుకోకుండా స్వయంగా వెళ్ళి, తదుపరి బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో, తరగతికి ఎంతమంది ఉంటారో, సాయంత్రం వేళలు ఉన్నాయో లేదో కనుక్కోండి. అక్షరాలు, రెండో మెట్టు పూర్తి చేసుకుని చేరితే మొదటి నెలలోనే మీకు మాట్లాడే ధైర్యం వస్తుంది. బెంగళూరులోనో, తిరుపతిలోనో ఉండి చెన్నై రాలేనివారు వారానికి రెండు గంటలు ఆన్‌లైన్‌లో ఒకే టీచరు దగ్గర చదవడం మేలు. టీచరును ఎంచుకునేటప్పుడు వ్యాకరణం ఎంత తెలుసని కాక, మీ తప్పును మధ్యలో ఆపి దిద్దుతారా లేదా అన్నది చూడండి.

వైద్యవిద్యకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు విడిగా ఒక మనవి. చదువు ఇంగ్లీషులోనే కదా, భాషతో పనిలేదని చెప్పే ఏజెంట్ల మాట నమ్మకండి. ఆస్పత్రిలో రోగి తన నొప్పిని రష్యన్‌లోనే చెబుతాడు. ప్రయాణానికి ముందు దొరికే మూడు నాలుగు నెలల్లో మొదటి నాలుగు మెట్లు, ఒంటి భాగాల పేర్లు, "ఇక్కడ నొప్పిగా ఉందా?" అన్న ప్రశ్న నేర్పి పంపండి.

10. ఆరో నెల చివర ఇలా సరిచూసుకోండి

ఫోనులో రికార్డు చేస్తూ, కాగితం చూడకుండా రెండు నిమిషాలు మాట్లాడండి. మీ పేరు, ఊరు, వయసు, మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, నిన్న ఏమి చేశారు, రేపు ఎక్కడికి వెళ్తారు. ఆపైన ఆ రికార్డును మూడుసార్లు వినండి. మొదటిసారి మాటల చివర ఉకారం వచ్చిన చోట్లు లెక్కపెట్టండి, రెండోసారి ట, డ లు వచ్చిన చోట్లు, మూడోసారి తప్పిన ప్రత్యయాలు. మొదటి లెక్క మూడు దాటితే అద్దం ముందు సాధన మళ్ళీ రెండు వారాలు చేయండి. రెండో లెక్క దాటితే మీరు ఇంకా ఇంగ్లీషు మాటల మీదుగానే వస్తున్నారు. ఆ మాటలను తెలుగు లిపిలో త, ద లతో రాసుకుని చదవండి. మూడోది దాటితే తప్పిన విభక్తి ఏదో గుర్తించి, ఆ ఒక్కదానికే ఆరో మెట్టులోని పది వాక్యాల సాధన మళ్ళీ మొదలుపెట్టండి. ఈ రికార్డును చెరపకుండా దాచి, తొమ్మిదో నెలలో అవే ప్రశ్నలతో కొత్తది చేసి రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి.